అచ్చుకెక్కిన రహస్యము

మన పాత వైద్యగ్రంథములను తిరుగవేయువారికి ఒక మాట పలుమారులు కనబడుచుండును. ఈ యోగము మిక్కిలి గోప్యమైనదనియు, అనర్హునకు చెప్పరాదనియు గ్రంథకర్త హెచ్చరించును. తాటియాకుమీద గంటముతో వ్రాసిన నాడు ఈ హెచ్చరికకు అర్థము కలదు. వ్రాసినవాడు ఒకడు, చదువబోవువాడు అతని కుమారుడో, శిష్యుడో. అదే హెచ్చరిక అచ్చుయంత్రమునకెక్కి, వందలకొలది ప్రతులుగా వెలువడి, వెల యిచ్చిన వారికెల్ల దొరకునప్పుడు దానికి మిగిలిన అర్థమేమి? అందరకును అమ్మిన రహస్యము రహస్యమెట్లగును? ఆరోగ్యమును, గుప్తవిద్యలను బోధించు తొలినాటి అచ్చుపుస్తకములను సాహిత్యదృష్టితో చూచువారికి ముందుగా ఎదురగు ప్రశ్న యిది. మన యిండ్లలో, అటకలమీద, పాత ట్రంకుపెట్టెలలో ఇట్టి పుస్తకములు నేటికిని కొన్ని ఉన్నవి గనుక, ఈ ప్రశ్న పండితులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు.

మొదట, రహస్యమును పాటించినవారి పక్షమున కొంత చెప్పవలెను. వారు దాచుటకు మూడు కారణములు కలవు. నాభి, ముష్టిగింజ, నల్లజీడి, పాషాణము మొదలగు తీక్ష్ణద్రవ్యములు తెలియనివాని చేతబడిన ప్రాణహాని. ఇది మొదటి కారణము, న్యాయమైనది. వైద్యుడు తరతరములుగా సంపాదించిన నేర్పు అతని కుటుంబమునకు జీవనాధారము. ఇది రెండవది, దీనిని లోభమని మాత్రమే కొట్టివేయరాదు. మందుపేరు వెల్లడించినచో గుణము పోవునను నమ్మకము మూడవది. ఈ మూడవదానికి ఆధారము లేదు. పైగా మొదటి రెండింటిని పరీక్షింపనీయక అడ్డుపడినదియు నిదియే. పేరు తెలియని మందు పనిచేసినదో లేదో, చేసినచో దేనివలన చేసినదో, మరియొకడు తేల్చుటకు వీలులేదు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. యూరపుఖండమున అచ్చుయంత్రము వ్యాపించిన నూరేండ్లకు ఇట్టి పుస్తకములు వెల్లువగా వచ్చినవి. వానిలో మిక్కిలి పేరుపొందినది 1555లో వెనిస్ నగరమున అచ్చయిన, పియెమోంతె దేశపు అలెస్సియో అనువాని పేర వెలసిన "రహస్యములు" అను ఇటలీభాషా గ్రంథము. అందు మందులతోబాటు అత్తరులు, రంగులు, పండ్ల పాకములు, ముఖలేపనములు, లోహపు పనులు అన్నియు కలవు. ఆ గ్రంథమునకు ముందుమాటగా ఒక కథ యున్నది. ఎనుబదిరెండేండ్లు దాటిన అలెస్సియో మిలాను నగరమున నుండగా, మూత్రాశయమున రాయి యేర్పడి బాధపడుచున్న రోగికొరకు ఒక శస్త్రవైద్యుడు వచ్చి మందు చెప్పుమని వేడెనట. వైద్యుడు దానిని తన లాభమునకు వాడుకొనునని తలచి అలెస్సియో నిరాకరించెను. తానే స్వయముగా ఉచితముగా చికిత్స చేయుదుననెను. పరుని పిలిచిన తన పేరు పోవునని వైద్యుడొప్పుకొనలేదు. ఈ తగవు తీరులోపల రోగి చేయిదాటెను, మరణించెను. ఆ పశ్చాత్తాపముతో అలెస్సియో లోకమును విడిచి ఏకాంతవాసము చేయుచు, తన రహస్యములనన్నింటిని అచ్చునకిచ్చెనట.

కథ మనస్సును పట్టునదే. అయితే 1567లో గిరోలామో రుషెల్లి అను పండితుని పేర, అతని మరణానంతరము, మరియొక పుస్తకము వెలువడెను. నేపుల్సు రాజ్యమున కొందరు మిత్రులు రహస్యముగా ఒక పరిషత్తుగా కూడి, యోగములను స్వయముగా చేసిచూచి నిగ్గుతేల్చిరనియు, అలెస్సియో పేరిట వచ్చినది ఆ పనిలోని భాగమనియు అందు చెప్పబడినది. ముసలి అలెస్సియో, మిలానులోని రోగి, ఆ పశ్చాత్తాపము, అన్నియు గ్రంథకర్త కల్పనలే యని పరిశోధకులు నేడు తలచుచున్నారు. కల్పనయైనను దానివలన పుస్తకమునకు కీడు కలుగలేదు. ఫ్రెంచి, ఇంగ్లీషు, లాటిను మొదలగు భాషలలోనికి పోయి, పదునేడవ శతాబ్ది ముగియులోపల అది నూటికిపైగా ముద్రణలు పొందినది. దాచిన విద్యవలన ఒక ప్రాణము పోయినదను మాట చదువరులను అంతగా కదల్చినది. దానికన్న గొప్పది, కథవెనుక దాగిన వాస్తవము: పదిమంది కూడి, చేసిచూచి, ఆ పిమ్మట అచ్చొత్తించుట. పుస్తకము ఆ మాటను మొదటనే చెప్పక కథచాటున ఉంచుట దాని లోపమని మా అభిప్రాయము.

ఇక మన గ్రంథములకు వత్తము. ఆంధ్రదేశ వైద్యులు నిత్యము చేతబట్టినవి రెండు: ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణి, బసవరాజు రచించిన బసవరాజీయము. ఈ రెండును అచ్చుయంత్రము రాకమునుపే పుట్టినవి. పందొమ్మిది, ఇరువదవ శతాబ్దులలో తెలుగులిపిలో అచ్చయి ఊరూర వ్యాపించినవి. వీనికి పుట్టినిల్లు ఆంధ్రదేశమైనను, తెలుగు అచ్చునకు పెంపుడుతల్లి చెన్నపట్టణము. వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు 1854లో అచ్చుకూటమును నెలకొల్పినది అచ్చటనే. తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనవంటివారు మరువరాని సంగతి యిది: తెలుగువాని పుస్తకము చాలకాలము తమిళభూమినుండియే తెలుగునాటికి పోయినది. బసవరాజీయము ఇంకను దూరము ప్రయాణము చేసి, 1930లో నాగపురమున దేవనాగరిలిపిలో వెలువడినది. నేటికిని ఔషధముల చట్టముయొక్క మొదటి షెడ్యూలులో, ఆయుర్వేదమునకు ప్రమాణములుగా ప్రభుత్వము పేర్కొన్న గ్రంథములలో, ఈ రెండు పేర్లును కలవు.

బసవరాజీయమును కేవలము మందులపట్టికగా చూచువారు దాని రుచిని పోగొట్టుకొందురు. ఇరువదియైదు ప్రకరణముల ఆ గ్రంథము నాడీపరీక్షతో మొదలగును. శివభక్తుడైన కర్త తన దైవమును కొలిచి, పూర్వగ్రంథములను పేరుపేరున స్మరించి, ఏది ఎచ్చటిదో చెప్పుచు పోవును. కృతయుగమునకు చరకము, త్రేతకు రసార్ణవము, ద్వాపరమునకు సిద్ధవిద్యాభువు, కలికి బసవము అని తన గ్రంథమును నాలుగవదిగా నిలుపుకొనుట కొంత అతిశయమే. కాని కాలము మారిన గ్రంథమును మారవలెనను తెలివి ఆ అతిశయమునందే కలదు. అన్నింటికన్న మాకు నచ్చినది వేరొకటి. సంస్కృతశ్లోకముల నడుమ తెలుగును అతడు చేర్చుకొనెను. మందు నూరువాడు, వడియగట్టువాడు, పుటము పెట్టువాడు మాటలాడు భాష తెలుగు. నూరుట, మర్దించుట, వస్త్రగాళితము పట్టుట, భావన చేయుట, మూసలో నుంచి సీలచేయుట: ఈ క్రియాపదముల సంపద కావ్యములలో దొరకదు. భాషాదృష్టితో ఈ గ్రంథములు మనకు నిధులనుట ఇందువలననే.

అయితే విమర్శకుడు మెచ్చుటతో ఆగరాదు. తాటియాకునుండి అచ్చునకు వచ్చునప్పుడు రహస్యము సగమే వచ్చినది. తక్కిన సగము వైద్యునియొద్దనే నిలిచిపోయినది. ఈ మాటను మూడు ఉదాహరణములతో చూపుదుము.

మొదటిది తూకము. గ్రంథమున పలము అనగా నాలుగు కర్షములు. నేటి లెక్కలో సుమారు 48 గ్రాములు. చెన్నరాజధాని అంగళ్లలో పలము అనగా మూడు తులములు. అనగా సుమారు 35 గ్రాములు. ఆ నలుబది పలములు ఒక వీసె. పుస్తకమును అచ్చులో కొనుక్కొన్న గృహస్థు బజారు పలముతో తూచినచో నాలుగవవంతునకు మించి తక్కువ తూగును. యోగమున అన్ని ద్రవ్యములును పలములలోనే యున్నచో పాళ్లు చెడవు గనుక చిక్కులేదు. ఒకదానిని పలములలోను, మరియొకదానిని గురిగింజల యెత్తులోను చెప్పినప్పుడు పాళ్లు తారుమారగును. ఆ గురిగింజ లెక్కన చెప్పబడునది తరచుగా తీక్ష్ణద్రవ్యమే యగును. మూలిక తగ్గి, విషద్రవ్యము తగ్గకపోవును. గురువుకడ నేర్చినవానికి ఈ భేదము తెలియును. పుస్తకము దానిని చెప్పదు. 1956 చట్టముతో గ్రాములు, కిలోలు దేశమునకు వచ్చిన పిమ్మట వీసెయు పలమును బజారునుండియు తొలగినవి. నేటి చదువరికి ఆ మాటలు కేవలము శబ్దములే.

రెండవది మూలిక పేరు. సంస్కృతనామము ఒక్కటే, ఆ పేరుతో పిలువబడు మొక్కలు ఒక్కొక్క సీమలో ఒక్కొక్కటి. బ్రాహ్మి యనగా కొందరు చిత్తడినేలలో పాకు నీరుబ్రాహ్మిని, కొందరు సరస్వతియాకును గ్రహింతురు. శంఖపుష్పి యనగా దక్షిణమున నీలిపూల దింటెనతీగెను చూపువారు కలరు. ఉత్తరమున వేరు మొక్కలను చూపుదురు. గ్రంథకర్తకు తన యూరి పొలిమేరలో పెరుగు మొక్క ఏదో తెలియును గనుక అతడు వివరింప నవసరములేదనుకొనెను. అచ్చుపుస్తకము పొలిమేర దాటి పోయినది; మొక్క పోలేదు.

మూడవది చేతిపని. నాడిని చూచుట పుస్తకమువలన రాదు. పుటమునకు ఎన్ని పిడకలో చెప్పవచ్చును గాని, పుటము పండినదో లేదో చూపుగల కన్నును అచ్చొత్తింపలేరు. మనవారు హస్తవాసి యనునది కొంత నమ్మకమైనను, కొంత ఈ చెప్పరాని నేర్పే.

కావున మేము చెప్పదలచినది ఇది. పూర్తిగా దాచిన రహస్యముకన్న సగము విప్పిన రహస్యము ప్రమాదకరము. దాచినదానిని ఎవరును వాడలేరు. సగము విప్పినదానిని అంతయు తెలిసినదనుకొని వాడుదురు. అలెస్సియో కథలోని రోగి మందు చెప్పనందువలన మరణించెను. అరకొర చెప్పినందువలన చెడినవారి కథను మన పుస్తకములు తమ ముందుమాటలలో చెప్పుకొనలేదు.

పెద్దగ్రంథములనుండి చిన్నపుస్తకములకు దిగినచో ఈ లోపము హెచ్చగును. నూరు పుటలకు మించని సంకలనములు కొన్ని కలవు. ఒక పుటలో దగ్గునకు శొంఠికషాయము; మరియొక పుటలో వశీకరణ తిలకము; దాని ప్రక్కన పాదరసమును బంగారము చేయు విధము. అన్నింటికిని ఒకే గొంతు, ఒకే ధీమా. ఇట్టివానిని చదువుటకు ఒక చిన్న పరీక్ష చాలును. పుస్తకము ఎచ్చటనైనను, ఈ రోగమున ఈ మందు పనిచేయదు, ఇట్టివానికి దీనిని ఈయరాదు అని చెప్పుచున్నదా? చెప్పినచో వ్రాసినవాడు రోగిని చూచినవాడు. సాధ్యాసాధ్యవివేకము మన ప్రాచీన వైద్యమునకు ప్రాణము. అసాధ్యమని చెప్పగలుగుట వైద్యునికి గౌరవము. అన్నియు సాధ్యమేయను పుస్తకము వైద్యగ్రంథము కాదు, అంగడి ప్రకటన. 1954లో మాయౌషధముల ప్రకటనలను అరికట్టు చట్టము మనదేశమున వచ్చుటకు ఇట్టి ధీమాయే కారణము.

సగము విప్పిన రహస్యమునకు నేటి లోకమున దృష్టాంతములు లేకపోలేదు. 1990ల మొదట బెల్జియం దేశమున బరువు తగ్గుటకు మూలికలు వాడిన స్త్రీలకు మూత్రపిండములు చెడిపోయెను. చైనాదేశపు రెండు మూలికల పేర్లు ఒకదానినొకటి పోలియుండుటచే, నిరపాయమైనదాని చోట వేరొకటి వచ్చి చేరెనని 1993 మొదలు వైద్యులు తేల్చిరి. ఆ వచ్చి చేరినది మన ఈశ్వరితీగెకు దాయాది. తమిళులు ఈశ్వరమూలి యని పిలుచు ఈ తీగెవేరును మన పాతపుస్తకములు పాముకాటునకు మందని పొగడినవి. ఈ జాతి మొక్కలలోని ఆమ్లము మూత్రపిండములను చెరచుననియు, క్యాన్సరును పుట్టించుననియు ఇప్పుడు సందేహమునకు తావులేక తెలిసినది. పాముకాటునకు విషహరమైన సూదిమందొక్కటే శరణ్యము. వేరు నూరుటలో గడచిన ప్రతిక్షణమును రోగి ఆయువునుండి తీసినదే.

మరియొకటి. 2004లో అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణములలో అమ్ముడగు 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా, 14 ఔషధములలో సీసమో, పాదరసమో, పాషాణమో కనబడెను. ఇంకొకటి మన ముంగిటిదే. 2020లో అంటువ్యాధి భయముచే ఇంటింట తిప్పతీగె కషాయము త్రాగుచుండగా, ముంబయి వైద్యులు ఆరుగురు రోగులలో కాలేయము దెబ్బతినుటను గమనించి మరుసటి యేట ప్రకటించిరి. అది అసలు తిప్పతీగెయేనా, దానిని పోలిన వేరొక తీగెయా యను వాదము వెంటనే బయలుదేరెను. వాదమున ఎవరు గెలిచినను మన ప్రశ్న మారదు: కోసినవానికి మొక్క తెలిసినదా? అచ్చుపుస్తకము మిగిల్చిన ఖాళీ ఇదియే.

ఇంతమాత్రముచే ఈ గ్రంథములను నీటగలుపుమని మేము చెప్పుట లేదు. దాచుటకును, అరకొరగా చల్లుటకును నడుమ మూడవదారి కలదు. అది మన పొరుగుననే నడచినది. 1798 మొదలు 1832 వరకు తంజావూరు నేలిన రెండవ శరభోజి ధన్వంతరి మహలను పేర వైద్యశాలను నడపెను. అచ్చట పలు సంప్రదాయముల వైద్యులు పనిచేసిరి. చికిత్సలు వ్రాతలో నిలిచెను. అనుభవమున నిలిచిన యోగములు తమిళపద్యములయ్యెను. ఇరువదవ శతాబ్దిలో సరస్వతీమహలు గ్రంథాలయము వానిని అచ్చొత్తించెను. వెనిస్ పుస్తకము కథచాటున దాచిన పనిని తంజావూరు కొలువు బాహాటముగా చేసినది. మరాఠీరాజు, తమిళపద్యము, తెలుగు తాళపత్రములకును చోటిచ్చిన గ్రంథాలయము: ఏ ఒక్క భాషకును చెందని విద్యను కాపాడవలసిన తీరు ఇట్టిది.

ఇచ్చట మనవంటి కుటుంబములు చేయదగిన పని యొకటి కలదు. తెలుగునాట నున్నవారికది అంత సులభము కాదు. మన పెద్దలు రెండుమూడు భాషలమధ్య బ్రతికిరి. తెలుగు తిప్పతీగె కన్నడమున అమృతబళ్లి, తమిళమున శీందిల్, మరాఠీలో గుళవేల్, ఒడియాలో గుళుచి. నేలయుసిరిని తమిళులు కీళానెల్లి యందురు, కన్నడిగులు నెలనెల్లి యందురు. ఉత్తరేణిని మరాఠీవారు ఆఘాడా యందురు. మందులంగడికి పోయి ఇంటిపేరుతో కాక ఊరిపేరుతో మూలికనడుగు మన అమ్మమ్మలకు ఈ నిఘంటువు నోటనుండెను. పాతపుస్తకపు అంచులలో సిరాతో వ్రాసిన స్థానికనామములు అచ్చులోని శ్లోకముకన్న విలువైనవి. అచ్చు విడిచిపోయిన సగమును పూరించినవారు వారే. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము, యానాం, ఎచ్చటనైనను పాతపుస్తకము చేతికి వచ్చినచో మొదట ఆ అంచులను చదువుడు. ఇంటి పెద్దలు జీవించియుండగానే ఏ పేరు ఏ మొక్కదో అడిగి, ఆ మొక్కను చూచి, ఎచ్చట పెరుగునో చేర్చి వ్రాయుడు. పుటలు పొడియగుటకు ముందు ఛాయాచిత్రములు తీయించి, మూలప్రతిని గ్రంథాలయమునకిండు.

మందుగా మాత్రము వానిని నమ్మి వాడకుడు. లోహములు, పాషాణములు, నాభివంటి విషములు చేరిన యోగములను ఇంట చేయుట ఎన్నటికిని తగదు. చిన్నచిట్కాయైనను, మూలికను ఎరిగినవాడు, రోగమును ఎరిగినవాడు ఇరువురును ఒప్పినపిమ్మటనే. అనర్హునకు చెప్పరాదన్న పాతహెచ్చరికలో మిగిలిన న్యాయమైన అర్థము ఇంతే. అర్హత కులమువలనను రాదు, పుస్తకము కొన్నందువలనను రాదు. మొక్కను, తూకమును, రోగిని చూచి నేర్చుకొన్నందువలన వచ్చును.

బసవరాజు తన కాలమునకు తగినట్లు పూర్వగ్రంథములను తిరిగి కూర్చెను. ఆయన పుస్తకమును దాచుకొన్న మనము, ఆయన చేసిన పనిలో కొంతయైనను చేయవలెను. ఏది నిలిచినది, ఏది నిలువలేదు, ఏది హానికరమని తేలినది అని ఒక్కొక్క పుటకెదురుగా వ్రాయగల విద్యావంతులు మన కుటుంబములలో నేడు కొదువలేరు. వైద్యకళాశాలలలో చదివిన మన పిల్లలు ఇంగ్లీషున ఎరిగినదానిని, తాతలు తెలుగున వ్రాసినదాని ప్రక్కన చేర్చినచో, ఆ రహస్యములోని మిగిలిన సగమును విప్పుట కదియే మొదలగును.